కోర్బిన్‌ను సొంత పార్టీయే పోటీకి వద్దంది: న్యాయమా, అన్యాయమా? మన జిల్లాల వాళ్లు చెప్పండి

కావలి టు లండన్ (శనివారం, సాయంత్రం 6:10)

అందరికీ నమస్కారం. నేనుండేది లండన్‌లో ఫిన్స్‌బరీ పార్క్ దగ్గర. ఇది ఇస్లింగ్టన్ నార్త్ నియోజకవర్గం కిందికి వస్తుంది. జెరెమీ కోర్బిన్ 1983 నుంచి ఇక్కడ ఎంపీ. 2015లో లేబర్ పార్టీ నాయకుడయ్యాడు. 2019 ఎన్నికల్లో పార్టీ 202 సీట్లకు పడిపోవడంతో తర్వాతి ఏడాది దిగిపోయాడు. ఆయన తర్వాత నాయకుడైన కియర్ స్టార్మర్ 2023 మార్చి 28న జాతీయ కార్యవర్గంలో ఒక తీర్మానం పెట్టాడు. వచ్చే ఎన్నికల్లో కోర్బిన్‌కు లేబర్ టికెట్ ఇవ్వకూడదన్నది దాని సారాంశం. 22 మంది అవునన్నారు, 12 మంది కాదన్నారు. తీర్మానం నెగ్గింది. ఈ స్టార్మర్ ఎవరో కాదు, కోర్బిన్ నాయకుడిగా ఉన్నప్పుడు ఆయన షాడో మంత్రివర్గంలో (ప్రతిపక్షం పెట్టుకునే నీడ మంత్రివర్గం) బ్రెగ్జిట్ వ్యవహారాలు చూసినవాడే.

2024 మేలో కోర్బిన్ ఇండిపెండెంట్‌గా దిగుతున్నానని ప్రకటించాడు. ఆ దెబ్బతో పార్టీ సభ్యత్వం కూడా పోయింది. జులై 4న ఆయనకు 24,120 ఓట్లు, లేబర్ తరఫున నిలబడ్డ ప్రఫుల్ నార్గుండ్‌కు 16,873 ఓట్లు వచ్చాయి.

ఇక్కడ కామన్వెల్త్ పౌరులకు కూడా ఓటుంది కాబట్టి మన ఇండియా పాస్‌పోర్ట్‌తోనే నేనూ ఓటేశాను. ఎవరికేశానో అడక్కండి. మా ఇంట్లో అద్దెకుండే వాళ్లందరం మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్లమే, ఈ విషయంలో రెండు ముక్కలయ్యాం. ఇన్నాళ్లయినా అన్నం తినేటప్పుడు ఎవరో ఒకరు కదిలిస్తారు, ఇంకంతే. మీరేమంటారు? పార్టీ చేసింది సరైన పనేనా?

ఒంగోలు గిత్త (6:31)

దీనికి లండన్ దాకా పోవాలా తమ్ముడూ. 1995 ఆగస్టు మర్చిపోయామా? పార్టీ పెట్టింది ఎన్టీఆర్. 1994 డిసెంబరులో 294కి 216 సీట్లు తెచ్చింది ఎన్టీఆర్. ఏడాది తిరక్కముందే ఆయన్నే బయట నిలబెట్టారు. సెప్టెంబరు 1న కొత్త ముఖ్యమంత్రిగా అల్లుడు చంద్రబాబు ప్రమాణం, జనవరి 18న పెద్దాయన పోయారు. కోర్బిన్ అదృష్టవంతుడు, ఆయనకు ఇంకో ఎన్నిక చూసే టైమ్ దొరికింది.

పొదలకూరు నిమ్మకాయ (6:44)

వచ్చాడయ్యా గిత్తన్న, పొడవడానికి. అన్నా, 1995 వేరు, ఇది వేరు. అక్కడ కార్యవర్గంలో 22 మంది కూర్చుని ఒక ఎంపీకి టికెట్ లేదన్నారు. మన దగ్గర జనం ఎన్నుకున్న ఎమ్మెల్యేల్లో మెజారిటీ ఇటు వచ్చి కొత్త నాయకుణ్ణి ఎన్నుకున్నారు. అసెంబ్లీలో బలం లేనివాడు ముఖ్యమంత్రిగా ఎలా ఉంటాడు? పార్టీలో వేరే వాళ్ల జోక్యం పెరిగిపోయిందని అప్పట్లో ఎమ్మెల్యేలే మొత్తుకున్నారు కదా. అది కూడా రాయి.

ఒంగోలు గిత్త (6:52)

ఆ ఎమ్మెల్యేలు ఎవరి బొమ్మ పెట్టుకుని గెలిచారో కూడా రాస్తా, ఉండు.

చీమకుర్తి రాయి (6:55)

ఒకటో పేజీలోనే, అప్పట్లో ఎమ్మెల్యేలు మకాం వేసిన వైస్రాయ్ హోటల్‌కి చేరుకున్నాం. శుభం.

నిర్వాహకుడు (7:02)

1995 మీద ఈ వేదికలో ఇప్పటికే పాత దారాలు చాలా ఉన్నాయి. పోలికకు వాడుకోండి, అక్కడే కాపురం పెట్టకండి. ఇప్పుడున్న నాయకుల మీద బూతులు వస్తే తీసేస్తాను.

ఉదయగిరి కొండ (7:20)

నేను పార్టీ వైపు. అందరూ కోర్బిన్‌ను పాపం పెద్దాయన అంటున్నారు గానీ అసలు గొడవ ఎక్కడ మొదలైందో కావలి తమ్ముడు రాయలేదు. 2020 అక్టోబరు 29న అక్కడి సమానత్వ, మానవ హక్కుల కమిషన్ రిపోర్టు ఇచ్చింది. కోర్బిన్ హయాంలో యూదు వ్యతిరేకత మీద వచ్చిన ఫిర్యాదుల్లో నాయకత్వ కార్యాలయం తలదూర్చిందని, వాటిని చూసే సిబ్బందికి సరైన శిక్షణ లేదని, వేధింపులు జరిగాయని, ఇవన్నీ సమానత్వ చట్టానికి విరుద్ధమని తేల్చింది. మామూలు మాట కాదు ఇది. ఒక జాతీయ పార్టీని చట్టం ఉల్లంఘించిందని ప్రభుత్వ సంస్థ తప్పుపట్టింది.

అదే రోజు కోర్బిన్ ఏమన్నాడు? సమస్య ఉందంటూనే, రాజకీయ కారణాలతో దాన్ని చాలా పెంచి చూపించారన్నాడు. కొత్త నాయకుడు క్షమాపణ చెబుతుంటే పాత నాయకుడు పక్కన నిలబడి అంత లేదులే అంటే ఎట్లా? సస్పెండ్ చేశారు. నవంబరులో సభ్యత్వం తిరిగిచ్చారు గానీ పార్లమెంటరీ పార్టీలోకి రానివ్వలేదు. అంటే రెండున్నరేళ్ల ముందు నుంచే ఆయన సభలో లేబర్ ఎంపీ కాదు. అలాంటివాడికి టికెట్ ఎందుకివ్వాలి?

ఫలితం కూడా చూడండి. 2024లో లేబర్‌కు 411 సీట్లు. ఒక్క ఇస్లింగ్టన్ నార్త్ పోతే పోయింది.

కావలి టు లండన్ (7:48)

కొండన్నా, మీరు చెప్పిన రిపోర్టు సంగతి నిజమే. మా ఇంట్లో పామూరు అబ్బాయి కూడా ఇదే అంటాడు. వాడి ఆఫీసులో ఒక యూదు ఆవిడ ఉంది, చాలా ఏళ్లు లేబర్‌కే ఓటేసి ఆ గొడవల్లో పార్టీ వదిలేసిందట. ఆవిడ బాధ దగ్గర నుంచి చూసినవాడు కాబట్టి వాడి దగ్గర కోర్బిన్ పేరెత్తలేం.

కానీ మార్చి తీర్మానంలో రాసిన కారణం అది కాదు. కోర్బిన్ నిలబడితే పార్టీ గెలుపు అవకాశాలు దెబ్బతింటాయి, కాబట్టి పార్టీకి మంచిది కాదు, ఇంతే. తప్పు చేశాడని విచారించి శిక్ష వేయడం ఒకటి, నువ్వుంటే ఓట్లు తగ్గుతాయని పక్కన పెట్టడం ఇంకొకటి. నాకు గుచ్చుకునేది అక్కడే.

ఓట్ల లెక్క కూడా చెబుతా, మీరే ఆలోచించండి. కోర్బిన్ ఘోరంగా ఓడిన 2019లో లేబర్‌కు కోటీ రెండు లక్షల పైన ఓట్లు వచ్చాయి. స్టార్మర్ ఘనంగా గెలిచిన 2024లో వచ్చినవి 97 లక్షలు. సీట్లు రెట్టింపయ్యాయి, ఓట్లు తగ్గాయి.

ఉదయగిరి కొండ (7:57)

ప్రభుత్వం సీట్లతో వస్తుంది తమ్ముడూ. ఓట్లు ఎక్కువొచ్చి ప్రతిపక్షంలో కూర్చుంటే ఏం లాభం.

కందుకూరు మాస్టారు (8:30)

పిల్లలూ, కాస్త వెనక్కి వెళ్దాం. మీరందరూ ఎన్టీఆర్ దగ్గర ఆగిపోయారు. 1969 నవంబరు 12న కాంగ్రెస్ అధ్యక్షుడు నిజలింగప్ప ఏకంగా దేశ ప్రధానినే పార్టీ నుంచి బహిష్కరించాడు. రాష్ట్రపతి ఎన్నికల్లో పార్టీ పెట్టిన అభ్యర్థి మన నీలం సంజీవరెడ్డి. ఇందిరమ్మ ఆత్మప్రబోధం ప్రకారం ఓటేయమంది, వి.వి. గిరి గెలిచాడు. క్రమశిక్షణ లెక్కన చూస్తే ఆమెను తీసేయడంలో తప్పేముంది? పార్టీ అభ్యర్థిని పార్టీ నాయకురాలే ఓడించింది మరి. 1971లో జనం ఆమెకు 352 సీట్లిచ్చారు. బహిష్కరించినవాళ్లకు 16.

1978లో మళ్లీ అదే. ఈసారి కాంగ్రెస్ అధ్యక్షుడు మన కాసు బ్రహ్మానందరెడ్డి. ఎమర్జెన్సీ తర్వాత ఓడిపోయి ఉన్న ఇందిరమ్మకూ ఆయనకూ పడలేదు, జనవరిలో పార్టీ చీలింది. ఆవిడకు ఆవూ దూడా గుర్తు పోయి హస్తం వచ్చింది. నెల తిరక్కుండానే అసెంబ్లీ ఎన్నికలు. నేను అప్పటికి కొత్తగా టీచరు ఉద్యోగంలో చేరాను, పోలింగ్ డ్యూటీ వేశారు. ముసలమ్మలు బ్యాలెట్ పట్టుకుని "అమ్మ గుర్తేది నాయనా" అని నన్నడిగేవాళ్లు. చెప్పకూడదు కదా. తలవంచుకుని కూర్చునేవాణ్ణి. ఏజెంట్లు మాత్రం బయట చెయ్యెత్తి చూపించే పంపేవాళ్లనుకోండి. ఫలితాలొస్తే ఇందిరా కాంగ్రెస్‌కు 175, బ్రహ్మానందరెడ్డి కాంగ్రెస్‌కు 30.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, పార్టీ అనే కాయితం ఎవరి దగ్గరుందో జనం చూడలేదు. మనిషిని చూశారు. ఇస్లింగ్టన్‌లో అయినా అంతే జరిగినట్టుంది.

పొదలకూరు నిమ్మకాయ (8:41)

మాస్టారూ, మరి 1996లో? పెద్దాయన పేరుతో నిలబడ్డ వర్గానికి లోక్‌సభలో ఒక్క సీటూ రాలేదు. ఇటు వైపు 16 వచ్చాయి. అప్పుడు జనం పార్టీనే చూశారు కదా.

కందుకూరు మాస్టారు (8:49)

అప్పటికి మనిషే లేడు కదయ్యా.

అలగానిపాడు ఎర్రజెండా (9:05)

మాది సుందరయ్య గారి ఊరు. బహిష్కరణ అంటే మాకు ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. 1964 ఏప్రిల్ 11న సీపీఐ జాతీయ కౌన్సిల్ నుంచి బయటికి నడిచిన 32 మందిలో ఆయనొకరు. ఆ 32 మందీ పార్టీ ద్రోహులన్నారు. జులైలో తెనాలిలో కూర్చున్నారు, ఏడాది చివరకు సీపీఎం ఏర్పడింది. సుందరయ్య గారు దానికి ప్రధాన కార్యదర్శి అయ్యారు. నెల్లూరులో ఈ రోజుకీ ఆయన పేరు చెబితే ఏ పార్టీ వాడైనా గౌరవంగా మాట్లాడతాడు.

అదే సీపీఎం 2008 జులైలో సోమనాథ్ ఛటర్జీని బహిష్కరించింది. స్పీకర్ పదవికి రాజీనామా చేయమంటే చేయలేదని. నేను అప్పుడూ పార్టీ వైపే, ఇప్పుడూ పార్టీ వైపే. క్రమశిక్షణ లేని పార్టీ పార్టీయే కాదు. కానీ లేబర్ చేసింది క్రమశిక్షణ కాదు. ఆ నియోజకవర్గంలోని లేబర్ శాఖ వాళ్లు, మా అభ్యర్థిని ఎన్నుకునే హక్కు మాది, పైనుంచి వేలు పెట్టొద్దు అని ప్రకటన ఇచ్చారు. కింద శాఖ కావాలంటే పై కమిటీ వద్దంది. 2015లో 59.5 శాతం, 2016లో 61.8 శాతం ఓట్లతో ఆయన్ని నాయకుడిగా ఎన్నుకున్నది కూడా ఇలాంటి వాళ్లే.

చీమకుర్తి రాయి (9:11)

సోమనాథ్ విషయంలో పై కమిటీ కరెక్టు, కోర్బిన్ విషయంలో కింద శాఖ కరెక్టు. ఎర్ర జెండాకి రెండు వైపులా కర్రే.

అలగానిపాడు ఎర్రజెండా (9:14)

సోమనాథ్‌కి ముందు ఆదేశం ఇచ్చారు, వద్దన్నది చేశాడు. తేడా అర్థం కాకపోతే ఎట్లా చెప్పేది.

సోమశిల (10:02)

నేను నెల్లూరు కోర్టులో ప్రాక్టీస్ చేస్తాను. చట్టం కోణంలో ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను, పెద్దదైతే ఓపిక పట్టండి.

కోర్బిన్‌ను లేబర్ పార్లమెంటరీ పార్టీ నుంచి తప్పించినా ఆయన ఎంపీగానే ఉన్నాడు, తనకు నచ్చినట్టు ఓటేశాడు. ఆయన సీటు తీసేసే చట్టం బ్రిటన్‌లో లేదు. పార్టీ మారినా, పార్టీ వెళ్లగొట్టినా ఎంపీ ఎంపీయే. మన దగ్గర 1985లో 52వ సవరణతో పదో షెడ్యూలు, అంటే ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చింది. పార్టీ వదిలేస్తే పదవి పోతుంది, విప్‌కు (ఇలా ఓటేయాలని పార్టీ ఇచ్చే ఆదేశం) వ్యతిరేకంగా ఓటేసినా పోతుంది. మరి పార్టీయే బహిష్కరిస్తే? 1996లో జి. విశ్వనాథన్ కేసులో సుప్రీంకోర్టు ఏమందంటే, బహిష్కరించినా సభలో ఆ సభ్యుడు గెలిచిన పార్టీ వాడికిందే లెక్క. అంటే ఇంట్లోంచి వెళ్లగొట్టిన కొడుకు పక్కింట్లో భోంచేస్తే మళ్లీ వాడిదే నేరం అన్నట్టు.

మన జిల్లాలోనే చూశాం కదా. లండన్‌లో ఆ తీర్మానానికి నాలుగు రోజుల ముందే, 2023 మార్చి 24న, వైఎస్సార్‌సీపీ నలుగురు ఎమ్మెల్యేలను సస్పెండ్ చేసింది. ఎమ్మెల్సీ ఎన్నికల్లో క్రాస్ ఓటింగ్ చేశారన్న ఆరోపణ మీద. నలుగురిలో ముగ్గురు మనవాళ్లే. ఆనం రామనారాయణరెడ్డి, కోటంరెడ్డి శ్రీధర్‌రెడ్డి, మేకపాటి చంద్రశేఖర్‌రెడ్డి. పార్టీ వద్దంది. తర్వాత 2024 ఫిబ్రవరిలో పార్టీ ఫిరాయించారంటూ స్పీకర్ వాళ్లపై అనర్హత వేటు కూడా వేశారు. అదే రోజు అటు వైపు నుంచి ఇటు వచ్చిన టీడీపీ ఎమ్మెల్యేల మీదా వేటు పడింది, కరణం బలరాం గారితో సహా. ఎన్నికలు రెండు మూడు నెలల్లో ఉన్నాయి కాబట్టి ఎవరికీ పెద్ద నష్టం జరగలేదు.

ఇక్కడ నాయకుడికి బహిష్కరణ కన్నా అనర్హతంటేనే భయం. ఆ భయం ఉంది కాబట్టి మన ఎమ్మెల్యేలు నాలుగున్నరేళ్లు నోరు మెదపరు, ఆఖరి ఆరు నెలల్లో అందరికీ ఆత్మగౌరవం గుర్తొస్తుంది.

ఉదయగిరి కొండ (10:15)

మేడం, మా ఊరి ఎమ్మెల్యే పేరు కూడా వచ్చింది కాబట్టి చెబుతున్నా. మేం ఓటేసింది పార్టీకి. ఆ గుర్తు లేకుండా ఎవరు గెలుస్తారో తేల్చుకోమనండి.

సోమశిల (10:24)

తేలింది కదండీ. ఆ ముగ్గురిలో 2024లో పోటీ చేసిన ఇద్దరూ గెలిచారు. కోటంరెడ్డి నెల్లూరు రూరల్‌లో, ఆనం ఆత్మకూరులో. కాకపోతే ఇంకో గుర్తు మీద. ఇండిపెండెంట్‌గా నిలబడి చూపించమంటే ఇద్దరూ ఆలోచించేవాళ్లేనేమో.

చీమకుర్తి రాయి (10:27)

మన దగ్గర పొద్దున టికెట్ లేదంటే సాయంత్రానికి కండువా మారుతుంది. కోర్బిన్‌కి కండువా కప్పేవాళ్లు కూడా దొరకలేదు పాపం.

కావలి టు లండన్ (ఆదివారం, మధ్యాహ్నం 1:15)

సోమశిల అక్కా, ఇండిపెండెంట్ గురించి ఒక మాట. మన దగ్గర ఇండిపెండెంట్‌కి కుట్టు మిషనో, గ్యాస్ సిలిండరో ఏదో ఒక గుర్తిస్తారు. ఇక్కడ అదీ లేదు. బ్యాలెట్ పేపర్ మీద లేబర్ వాళ్లకు గులాబీ పువ్వు ఉంది, కోర్బిన్ పేరు పక్కన ఖాళీ. పెన్సిల్‌తో ఇంటూ గుర్తు పెట్టాలి, ఈవీఎం లేదు. పేరు చదివి వెతుక్కుని వేసినవాళ్లే 24 వేల మంది అన్నమాట.

గిత్తన్న 1995 అంటే, మాస్టారు 1969 అంటే, ఇక్కడి వాళ్లు 2000 అంటారు. కెన్ లివింగ్‌స్టన్ అని, లండన్ మేయర్ పదవికి లేబర్ టికెట్ దక్కకపోతే ఇండిపెండెంట్‌గా దిగాడు. పార్టీ బహిష్కరించింది. గెలిచాడు. 2004లో అదే పార్టీ పిలిచి సభ్యత్వమిచ్చి టికెట్ కూడా ఇచ్చింది, మళ్లీ గెలిచాడు. అంతకుముందు 1931లో అయితే లేబర్ మొదటి ప్రధాని రామ్సే మెక్‌డొనాల్డ్‌నే పార్టీ బహిష్కరించింది. ప్రత్యర్థులతో కలిసి ప్రభుత్వం పెట్టాడని.

రామాయపట్నం గాలి (2:40)

నిన్నటి నుంచి చదువుతున్నా. అందరూ నాయకుల గురించే రాస్తున్నారు. వాళ్ల వెనక తిరిగినవాళ్ల సంగతేంటి?

మా నాన్న ఒక పార్టీలో మండల స్థాయి కార్యకర్త. పార్టీ పేరు అనవసరం. ఇంటి గోడ మీద గుర్తు రంగు వెలిసిపోతే సొంత డబ్బుతో వేయించే రకం. మా నియోజకవర్గ నాయకుణ్ణి పార్టీ పక్కన పెట్టినప్పుడు ఊళ్లో కార్యకర్తలు రెండుగా చీలారు. నాయకుడితో పోతే పార్టీ వాళ్లు పింఛను లిస్టులో పేరు చూసుకోమంటారు. పార్టీతో ఉంటే ఇన్నాళ్లూ పక్కన కూర్చుని టీ తాగిన వాళ్లే ద్రోహి అంటారు. మా బాబాయి నాయకుడితో పోయాడు, నాన్న ఉండిపోయాడు. ఆ సంక్రాంతికి బాబాయి వాళ్లు మా ఇంటికి రాలేదు. ఆ నాయకుడు మాత్రం రెండేళ్లలో తిరిగి అదే పార్టీలోకొచ్చి దండ వేయించుకున్నాడు. నాన్నను పలకరించలేదు సరికదా, కష్టకాలంలో నాతో రానివాడని పక్కన పెట్టాడు. బాబాయిని, పార్టీని వదిలి పోయినవాడని మండల కమిటీ పక్కన పెట్టింది.

లేబర్‌లో కూడా కోర్బిన్ తరఫున ప్రచారం చేసిన సభ్యుల సభ్యత్వాలు పోతాయని చదివాను. నిజమేనా?

కావలి టు లండన్ (3:05)

నిజమే అక్కా. అధికారిక అభ్యర్థి మీద పోటీ చేసినా, పోటీ చేసేవాడికి బహిరంగంగా మద్దతిచ్చినా సభ్యత్వం దానంతట అదే పోతుందన్నది వాళ్ల నిబంధన. మా వీధిలో ఒక ముసలాయన ఎన్నో ఏళ్లుగా లేబర్ కరపత్రాలు పంచేవాడు. ఆ జూన్‌లో కోర్బిన్ కరపత్రాలు పంచాడు. నేను అడిగితే, కార్డు పోతే పోనీలే, నా కాళ్లు నా దగ్గరే ఉన్నాయి కదా అన్నాడు.

ఒంగోలు గిత్త (3:30)

గాలి చెల్లెమ్మా, మీ నాన్న లాంటి వాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. 1995లో మా పెదనాన్నకూ అదే అయింది. రెండు వర్గాలూ పిలిచాయి, ఏదీ చేర్చుకోలేదు.

పొదలకూరు నిమ్మకాయ (3:42)

ఈ ఒక్క విషయంలో గిత్తన్నతో ఏకీభవిస్తున్నా. మిగతా వాటిలో కాదు.

ఉదయగిరి కొండ (4:20)

కార్యకర్తల మీద నాకూ గౌరవముంది. అయినా నా ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. ఓడిపోయిన పాత నాయకుడు పార్టీలోనే ఉండి, కొత్త నాయకుడి ప్రతి మాటకూ అడ్డం పడితే ఆ పార్టీ జనంలోకి ఎలా పోవాలి? టికెట్ అనేది హక్కు కాదు. ఎవరికివ్వాలో పార్టీ ఇష్టం. మీ కోర్బిన్ ఇప్పుడు కొత్త పార్టీ పెట్టుకున్నాడు కదా. రేపు అందులో ఎవరైనా ఆయన మాట కాదంటే టికెట్ ఇస్తాడా?

కావలి టు లండన్ (4:38)

2025 జులైలో జారా సుల్తానా అనే ఎంపీతో కలిసి ప్రకటించాడు. ఆమె కూడా లేబర్‌ను వదిలి వచ్చినావిడే. టికెట్ల దాకా రాకముందే వాళ్లిద్దరి మధ్య సెప్టెంబరులో సభ్యత్వాల నమోదు మీద బహిరంగంగానే గొడవైంది.

ఉదయగిరి కొండ (4:41)

నేనదే అంటున్నా.

కందుకూరు మాస్టారు (5:10)

కొండబాబు ప్రశ్న మంచిదే. పార్టీకి కాదనే హక్కుందని నేనూ ఒప్పుకుంటాను. 1947లో ప్రకాశం పంతులు గారిని మద్రాసులో ముఖ్యమంత్రి పదవి నుంచి దించింది సొంత కాంగ్రెస్ శాసనసభ్యులే. ఏడాది కూడా ఉండనివ్వలేదు. తర్వాత ఆయన కాంగ్రెస్ వదిలేశారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడితే తొలి ముఖ్యమంత్రిగా కాంగ్రెస్ ఎవరికి మద్దతిచ్చిందీ? ఆయనకే. పార్టీకి వద్దనే హక్కుంటే, వద్దన్నవాడి గుమ్మం దగ్గరకు మళ్లీ పోవాల్సిన రోజు కూడా వస్తుంది.

సోమశిల (5:32)

కొండ గారూ, టికెట్ హక్కు కాదన్నారు, ఒప్పుకుంటా. కానీ ఎవరు నిర్ణయించాలన్నదే కదా తగాదా. లేబర్‌లో కనీసం 34 మంది ఓటేశారు, 12 మంది కాదన్నారు, ఆ లెక్క మనం ఇక్కడ కూర్చుని చదువుతున్నాం. మన రెండు జిల్లాల్లో ఏ పార్టీ బి-ఫారమైనా ఎవరికివ్వాలో ఓటింగ్ పెట్టి తేల్చిన సందర్భం ఒక్కటి చెప్పండి. ఏ పార్టీ అయినా సరే.

చీమకుర్తి రాయి (5:50)

మేడం, సోమవారం దాకా టైమ్ ఇవ్వండి. మా ఊళ్లో అడిగొస్తా.